దొర ఫోటోలో నా చెయ్యి

1944 జనవరి 9, ఆదివారం. మేడ్చల్.

మనవరాలు ఎస్తేరు ఈ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. "అవ్వా, చెప్పిందే పదిసార్లు చెప్తవు. ఇగ నీ రందంత దీంట్ల రాసుకో, నా చెవులకు జెర సెలవియ్యి," అంది. మిషను బడిలో రెండో పుస్తకం దాకా చదివినదాన్ని. బైబిలు చదవడం వచ్చుగానీ రాయడం అలవాటు లేదు. అయినా పిల్ల తెచ్చిందని రాస్తున్నాను.

అటక మీద పిల్లి ఈనింది. పిల్లలు కింద పడతాయేమో. కొడుకు మోషే రైలు లైను మీద డ్యూటీకి పోయాడు, బండి వచ్చే వేళ. పొయ్యి ఆర్పానో లేదో గుర్తు లేదు. వీటన్నిటికన్నా పెద్ద రంది ఎస్తేరే. దాని సంగతి రేపు రాస్తాను.

జనవరి 10

పొయ్యి ఆర్పే ఉంది.

జనవరి 16, ఆదివారం

ఆరాధన అయినాక సంఘపెద్ద సత్యానందం లేచాడు. వచ్చే నెలాఖరుకు మన చర్చికి యాభై ఏండ్లు నిండుతాయి, పండుగ చేయాలి, సంఘమంతా కలిసి ఒక ఫోటో దిగి దొర ఫోటో పక్కన వేలాడదీయాలి అన్నాడు.

ఆ ఫోటో, మిషను తెల్లదొర మన చర్చి కట్టించిన ఏడాది దిగింది. నడుమ కుర్చీలలో దొర, దొరసాని, కాళ్ల దగ్గర వాళ్ల కుక్క. వెనక మనవాళ్లు నిలబడి ఉన్నారు. కింద దొర పేరు రాసి ఉంది, దొరసాని పేరు రాసి ఉంది, కుక్క పేరు కూడా రాసి ఉంది. మనవాళ్ల పేర్లు లేవు. అప్పటికి నేను చిన్నపిల్లను. కుడివైపు అంచున గాజులు వేసుకున్న చెయ్యి ఒకటి కనిపిస్తుంది, అది నాది. మిగతా నేను ఫోటోలో పట్టలేదు. ఆ చెయ్యిని ఈ పేటలో నేను చూపించని మనిషి లేడు. మోషేకు చూపించాను. వాడి పెండ్లయినాక కోడలికి చూపించాను. అందరూ చూసి సంతోషపడ్డారు. కోడలు పోయినాక ఎస్తేరును చంకనెత్తుకొని చూపిస్తే మాత్రం, ఆ పిల్ల "మరి మొఖమేదవ్వా?" అని ఒకటే ఏడుపు.

సత్యానందం సికింద్రాబాదు స్టూడియో ఆయనను అడిగాడట. యుద్ధం నడుస్తోంది కదా, సోల్జర్లను దించడానికే టైము చాలడం లేదు, మేడ్చల్ దాకా రానన్నాడట. అప్పుడు పాస్టరయ్య మెల్లగా, "మన ఎస్తేరు ఉన్నది గదా," అన్నారు.

ఎస్తేరుకు ఆ పని వచ్చు. పరదాలో ఉండే బేగంలు మగవాళ్ల ముందు కూర్చోరని, సికింద్రాబాదులో ఒక స్టూడియో ఆయన జనానా గది పెట్టి ఇద్దరు ఆడపిల్లలకు ఫోటోలు దించడం నేర్పాడు. ఒకతె మా ఎస్తేరు. ఇంకొకతె శామీర్‌పేట దర్జీ గౌరయ్య బిడ్డ దుర్గాబాయి. ఇద్దరూ ఇప్పుడు అక్కడ మానేసి, పాత ఫోటోపెట్టె ఒకటి సంపాదించి, మేడ్చల్ స్టేషను దగ్గర సొంత దుకాణం పెడతామని తిరుగుతున్నారు.

పక్కింటి వజ్రమ్మ వెంటనే అందుకుంది. "బేగంలను దించుడు ఏరు, సంఘాన్ని దించుడు ఏరు వదినె. నీ మన్మరాలు సత్యానందాన్ని బుర్కా ఏసుకొమ్మంటదేమో!"

ఇంటికొచ్చాక మోషే తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకొని కూర్చున్నాడు. "గీ ఒక్క ఫోటో దించు బిడ్డా. మంచిగొస్తె నీ ఇష్టం, దుకాణమే పెట్టుకో. రాకపోతె మాత్రం పెట్టె అమ్మేసి టీచర్ ట్రైనింగుకు పోవాలె. సంఘంల నవ్వులపాలైతె నేను తట్టుకోలేను."

"సరే నాయినా," అంది. అంతే! అంత జల్దీగా సరే అనే పిల్ల ఎక్కడైనా ఉంటుందా? కొంచెం ఆలోచించాలా వద్దా?

జనవరి 29

ఎస్తేరు, దుర్గాబాయి పెట్టె నెత్తిన పెట్టుకొని ఫోటోలు దించడానికి రావల్కోల్ పోయారు, శామీర్‌పేట పోయారు. ఎండకు నల్లబడి వచ్చారు. సంఘం ఫోటోకు వెనక ఏ పరదా కడతారని అడిగాను. స్టూడియోలో ఎస్తేరు దిగిన ఫోటోలో వెనక పరదా మీద గీసిన మేడ ఉంది, పాలరాతి మెట్లున్నాయి, పూలకుండీ ఉంది. చూసినవాళ్లు ఏ జాగీర్దారు బిడ్డో అనుకుంటారు. నాకది ఇష్టం.

"ఏ పరదా కట్టమవ్వా," అంది.

"పరదా లేకుండ ఫోటో ఏందే? ఎనుక మన గోడ కనవడ్తది!"

"కనవడాలె. స్టూడియోల ఒక్కటే పరదా అవ్వా. నవాబు బిడ్డ దాని ముందట్నే, కట్టెలమ్మేటామె దాని ముందట్నే. అందరం ఒక్క మేడల పుట్టినట్టుంటం. ఆ మేడ ఎవ్వరిదీ కాదు. రేపు నా ఫోటో చూసినోళ్లకు నేను యాడిదాన్నో ఎట్ల తెలుస్తది?"

దుర్గాబాయి సంచిలోంచి ఒక ఫోటో తీసి నా చేతిలో పెట్టింది. వాళ్ల నాయన గౌరయ్య కుట్టుమిషను ముందు కూర్చొని ఉన్నాడు. పెదవుల మధ్య దారప్పోగు, మెడలో టేపు.

"మా బాపు కోటు తొడుక్కోని దిగుతనన్నడవ్వా. పుట్టినకాంచి మంది కోట్లే కుట్టిండు గదా, ఒక్క తాప తాను తొడుగుతనన్నడు. నేను వద్దన్న. మూడొద్దులు నాతోని మాట్లాడలే. ఇప్పుడు బట్టలియ్యనొచ్చినోళ్లకు కొలతలు తీసుడు బందు పెట్టి ముందుగాల గిదే చూపిస్తుండు."

మంచిగానే ఉంది. గౌరయ్యను చూసినట్టే ఉంది. కానీ గౌరయ్య ఒక్కడు. మా సంఘంలో కోటు కావాలనేవాళ్లు ఎంతమంది!

ఫిబ్రవరి 23, బుధవారం

ఎస్తేరు పొద్దుటి బండికి సికింద్రాబాదు నుంచి వచ్చింది. పెట్టెలో పెట్టే అద్దం పలకలు తెచ్చింది. వాటి మీదనే ఫోటో దిగుతుందట. ఊరంతా తిరిగితే రెండే దొరికాయట, అన్నీ మిలిటరీ వాళ్లే కొనుక్కుపోతున్నారు. ఒక్కో పలక నల్లకాగితంలో చుట్టి అట్టపెట్టెలో ఉంది. "ముట్టకు అవ్వా," అని చెప్పి, దుర్గాబాయి కుట్టిన నల్లగుడ్డ తేవడానికి శామీర్‌పేట పోయింది.

ముట్టకు అంది గానీ, అది అద్దం. రైలు కుదుపు నాకు తెలియదా? వజ్రమ్మ బొల్లారం నుంచి తెచ్చిన గాజుల్లో సగం పగిలి వచ్చాయి. పండుగనాడు సంఘమంతా కూర్చున్నాక పలక పగిలి ఉందని తెలిస్తే పిల్ల గతేం కావాలి? కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. పైనున్న పలకను వాకిట్లోకి తెచ్చి, కాగితం మెల్లగా విప్పి చూశాను. మజ్జిగ రంగులో ఉంది. అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఎక్కడా చిన్న గీత లేదు. దేవునికి స్తోత్రం. ఉన్నది ఉన్నట్టు చుట్టి పెట్టేశాను. ఇప్పుడు మనసు నిమ్మళమైంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉండేది ఇందుకే.

ఫిబ్రవరి 26

ఈ రాత రాయకపోతే బాగుండును.

పొద్దున ఇద్దరూ గింజల అర్రను చీకటి చేస్తున్నారు. కిటికీకి గొంగడి కట్టారు, తలుపు సందుల్లో పాతగుడ్డలు కుక్కుతున్నారు. ఎందుకింత అని అడిగాను.

"గింత ఎలుతురు తగిలినా పలక ఖరాబైతదవ్వా," అంది దుర్గాబాయి. "మనుషుల కంటె ముందుగాల ఎలుతురే దాని మీద దిగి కూసుంటది. ఇగ మనకు జాగుండదు."

"గింత అంటే ఎంత?"

"సూది బెజ్జమంత."

నేను వాకిట్లో పట్టుకొని చూశాను.

కానీ ఆనాడు పొద్దు అంతగా ఎక్కలేదు. నా కొంగు నీడ కూడా పడి ఉంటుంది. మబ్బు ఉన్నట్టే గుర్తు. చూసింది ఒక్క క్షణమే. రెండు వైపులా చూశాననుకో, అయినా క్షణమే. దుర్గాబాయి చిన్నపిల్ల, దానికి అన్నీ తెలుస్తాయా?

రేపు పొద్దున్నే ఎస్తేరుకు చెప్తాను.

ఫిబ్రవరి 27, ఆదివారం

పొద్దున్నే చెప్పడానికి అది ఇంట్లో లేదు. పండుగ కదా.

పేటంతా కొత్త సున్నం వాసన. చర్చి ముందు బెంచీలు వేశారు, వెనక మన గోడే. సత్యానందం ఎక్కడినుంచో ఒక దొరబట్టల జత అడిగి తెచ్చాడు. కోటు తాను తొడుక్కున్నాడు, బూట్లు సోమయ్యకు ఇచ్చాడు, చేతి గడియారం శంకరయ్యకు పెట్టాడు. ఒక్క మనిషి సొమ్ము ముగ్గురు పెద్దమనుషులకు సరిపోయింది. సోమయ్య కాళ్లు ముందుకు చాపి కూర్చున్నాడు, బూట్లు ఫోటోలో రాకుండా పోతాయేమోనని.

"ఆడోళ్లు ఎనుక నిలవడుండ్రి," అన్నాడు సత్యానందం.

ఎస్తేరు నల్లగుడ్డ కింది నుంచి తల బయటపెట్టింది. "మా అవ్వ ముందల కూసుంటది పెద్దనాయినా. నడుమ."

"నడుమ పాస్టరయ్య కూసుంటడు."

"యాభై ఏండ్లు మా అవ్వ గోడ మీద ఒక్క చెయ్యే ఉన్నది. గీ తాప మనిషి మొత్తం రావాలె."

అందరూ నవ్వారు. సత్యానందం నవ్వలేదు. పాస్టరయ్య తానే లేచి పక్క కుర్చీకి జరిగి, "రా మరియమ్మా," అన్నారు. నేను వచ్చి కూర్చున్నాను. ఇంకొక రోజైతే ఆ కుర్చీలో నేను ఆకాశమంత ఎత్తున ఉండేదాన్ని. కానీ నా కండ్లు ఎస్తేరు చేతిలోని పలక మీదే ఉన్నాయి. ఏది ముందు పెట్టింది? పైదా, కిందిదా?

లేచాను. "బిడ్డా, నీతోని ఒక్క మాట..."

"కదలకు అవ్వా!"

"కదలకు చిన్నమ్మా!" అని సత్యానందం. "కదలకు వదినె, నీకు పుణ్యముంటది!" అని వెనక నుంచి వజ్రమ్మ. సంఘమంతా కదలకు అని అరిస్తే ఏం చెప్పను? కూర్చున్నాను.

ఎస్తేరు పెట్టె కంటి మీది మూత తీసింది. అందరూ ఊపిరి బిగబట్టారు. వజ్రమ్మ ఎద్దు తరిమినట్టు కండ్లు పెద్దవి చేసిందని తర్వాత పిల్లలు చెప్పారు. మూత పెట్టి, "అయిపాయె," అంది ఎస్తేరు. అందరూ లేవబోయారు.

"ఆగుండ్రి, ఉన్నకాడనే కృతజ్ఞత ప్రార్థన చేసుకుందాం," అన్నాడు సత్యానందం. ఆయన ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీది పప్పు మాడాల్సిందే. అందరూ తలలు వంచారు, ఆడవాళ్లు కొంగులు కప్పుకున్నారు, అందరూ కండ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను.

దుర్గాబాయి మొదటి పలకను వెలుతురు చొరని దాని చెక్క ఒరతో సహా తీసి, అట్లాంటి ఒరలోనే ఉన్న రెండోది పెట్టింది. ఎస్తేరు పెట్టె పక్కన నిలబడి మా అందరినీ ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా చూసింది. దాని ముఖం మారిపోయింది. చెయ్యి మూత మీదకు పోయింది. దుర్గాబాయి దాని కొంగు పట్టి గుంజి, "అందరు కండ్లు మూసుకున్నరే, పిచ్చిదానా!" అని గుసగుసలాడింది. ఎస్తేరు మూత తీసింది. గోడ మీది ఉడుత కూడా కదల్లేదు. ఎస్తేరు నన్నే చూస్తోంది. పెదవుల్లోనే లెక్క పెట్టుకుంటోంది.

ఆమెన్ అన్నాక కండ్లు తెరిచాను.

ఫిబ్రవరి 28

ఇవాళ చెప్పలేదు. తలనొప్పి.

మార్చి 1, బుధవారం

పలకలు కడిగే మందు దుర్గాబాయి ఇవాళ తెచ్చింది. ఇద్దరూ ఎర్రదీపం పట్టుకొని అర్రలో తలుపేసుకున్నారు. నేను గడప బయట కూర్చున్నాను. వజ్రమ్మ గోడ మీది నుంచి, "లోపల మంత్రాలు చదువుతున్నరా వదినె?" అని అడిగింది.

తలుపు తెరుచుకుంది. ఎస్తేరు చేతిలో మొదటి పలక బొగ్గులా ఉంది. ఒక్క మనిషి లేడు. కోటు లేదు, బూట్లు లేవు.

"నేనే మూత శానసేపు తీసినట్టున్న," అంది. "రెండోది అందరు కండ్లు మూసుకున్నది. అది ఎవ్వరొప్పుకుంటరు? నాయినకు చెప్త, ట్రైనింగుకు పోత." పెట్టె కాళ్లు మడవడం మొదలుపెట్టింది. అది పసిపిల్లప్పుడు కూడా అంత నెమ్మదిగా ఏ పనీ చేయలేదు.

"బిడ్డా," అన్నాను. "పలక పగిలిందేమోనని చూసిన."

"ఏ పలక?"

"పైది. రైలు కుదుపుకు పగిలిందేమోనని."

"కాగితం ఇప్పినవా? యాడ?"

"వాకిట్ల."

"వాకిట్లనా!"

"ఎండల మంచిగ కనవడ్తదని బిడ్డా."

దుర్గాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని గోడకు ఆనుకొని కిందికి జారిపోయింది. దాని భుజాలు ఊగుతున్నాయి. ఎస్తేరు మాత్రం నన్ను చాలాసేపు చూసింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

"పగిలిందా మరి?" అని అడిగింది.

"లేదు బిడ్డా. గీత సుత లేకుండె."

అప్పుడు నవ్వింది. నవ్వుతూ నా ఒళ్లో తల పెట్టుకుంది, కొంగు తడిసింది, అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ఇద్దరమూ అట్లాగే కూర్చున్నాం. మరి ఆ రెండోది ప్రార్థనలో ఎందుకు దించావని అడిగాను.

"ఫోటో అనంగనే మనోళ్లంత ఇంకెవరో అయిపోయిన్రవ్వా. ప్రార్థన అనంగనే మల్ల మనోళ్లయిన్రు. కోటు సుత మనదే అయింది. నా చెయ్యి ఆగలే."

మార్చి 2

రెండో పలక కింద ఫోటో కాగితం పెట్టి, చెక్కలో బిగించి, వడియాలు ఎండబెట్టినట్టు ఎండలో పెట్టారు. మెల్లగా మనుషులు తేలి వచ్చారు.

నేను నడుమన ఉన్నాను. మొత్తం ఉన్నాను. చెయ్యి, గాజులు, కాళ్లు, ముఖం. కండ్లు తెరిచి ఉన్నాయి.

అది ఆమెన్ దగ్గర అయి ఉంటుంది. ఎస్తేరు మూత పెట్టడం ఆలస్యం చేసి ఉంటుంది.

మార్చి 5, ఆదివారం

ఆరాధన అయినాక పెద్దల ముందు ఫోటో పెట్టింది. మోషే తలపాగా చేతిలో పట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డాడు. వాడి వేళ్లు ఆ గుడ్డను నలుపుతూనే ఉన్నాయి.

సత్యానందం ముఖం ఎర్రబడింది. "గిదేంది? సంఘమంత నిద్రవోయిందా? యాభై ఏండ్ల పండుగ ఫోటో గిదా?"

"మా వదినె ఒక్కతే మేలుకోని ఉన్నది, చెప్పులు పోతయని," అంది వజ్రమ్మ.

"కండ్లు తెరిసింది ఖరాబైంది పెద్దనాయినా," అంది ఎస్తేరు. "తప్పు నాదే."

తప్పు నాదే అంది! నా పేరు ఎత్తలేదు. మోషే తల వంచుకున్నాడు. ట్రైనింగు మాట వాడి నోటి చివర ఉందని నాకు కనిపించింది. అప్పటిదాకా సంఘంలో ఎన్నడూ నోరెత్తనిదాన్ని, లేచాను.

"దానిది కాదు, నాది. వద్దన్న పెట్టె తెరిసి పలక ఎండల పెట్టింది నేను. అడిగితె నన్నడుగుండ్రి. పిల్ల పనిల వంక లేదు."

సత్యానందం నన్ను చూశాడు, ఫోటోను చూశాడు. ఇంకా ఏవైనా తప్పులు దొరుకుతాయేమోనని ఫోటోను వెలుతురుకు, తలుపు దగ్గరికి పట్టుకుపోయాడు. అక్కడే ఆగిపోయాడు.

"ప్రార్థనల నేను గిట్లుంటనా?" అన్నాడు.

ఎవరికి తెలుసు? ఆయన ప్రార్థన చేసేటప్పుడు మేమంతా కండ్లు మూసుకొనే ఉంటాం కదా. మా ప్రార్థన ముఖాలు మాలో ఎవ్వరమూ చూసుకోలేదు. ఒక్కొక్కరే లేచి తలుపు దగ్గరికి పోయారు. సోమయ్య బూట్లు చూసుకోలేదు, తన ముఖమే చూసుకున్నాడు. వజ్రమ్మ ఫోటో మీద తన కొంగును వేలితో ముట్టుకొని, జీవితంలో మొదటిసారి ఒక్క మాటా అనలేదు.

సత్యానందం దొర ఫోటో దగ్గరికి నడిచాడు. కుక్క వెనక, నిలబడినవాళ్లలో తల వంచుకొని ఉన్న ఒకాయన మీద వేలు పెట్టాడు. "మా నాయిన. డప్పు కొడుతుండె. నేను అచ్చం గీయన లెక్కనే ఉన్న." కోటు చేతితో ముక్కు తుడుచుకున్నాడు. ఆ కోటు ఇంకా వాపసు ఇవ్వలేదన్నమాట.

"పక్కన్నే పెట్టుండ్రి," అన్నాడు. "కింద పేర్లు రాయుండ్రి. అందరియి. బిడ్డా ఎస్తేరూ, దించినోళ్ల పేర్లు సుత. నీదీ, ఆ దర్జీ బిడ్డదీ."

పాస్టరయ్య నవ్వుతూ నా వైపు తిరిగారు. "మరి మరియమ్మ కండ్ల సంగతేంది?"

మోషే అప్పుడు నోరు విప్పాడు. "మా అమ్మ గంతే అయ్యగారూ. ఊరంత కండ్లు మూసుకుంటె ఒక్కరన్న చూస్తుండాలె గదా."

ఆమెన్ దగ్గర తెరిచానని చెప్పబోయాను. చెప్పలేదు.

మార్చి 9

మోషే డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, అటు గోడ వైపు చూస్తూ అన్నాడు: "బిడ్డా, మా గ్యాంగోళ్లు ఫోటో దిగుతరట. లైను మీదనే, పలుగులు పట్టుకోని. నీకు తీరుతదా?"

"తీరుతది నాయినా," అంది ఎస్తేరు. దుర్గాబాయి అర్రలోంచి, "పరదా కావాల్నా మామా, మేడది?" అని అరిచింది. మోషే చెంబులో నీళ్లు దాని మీద చల్లాడు.

ట్రైనింగు మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రైలు వచ్చేటప్పుడు లైను మీద పెట్టె పెట్టుకొని నిలబడితే ఎట్లా అని మాత్రం అడిగాను. ఆ రోజు నేనూ పోతాను. చూస్తుండాలి.

మార్చి 19, ఆదివారం

ఫోటోకు చెక్క చట్రం కట్టి ఇవాళ వేలాడదీశారు. కింద తెల్ల అక్షరాలతో పేర్లు. నేను కూడబలుక్కొని అన్నీ చదివాను. మరియమ్మ అని నడుమన ఉంది. ఆఖరి వరుసలో: దించినవారు ఎస్తేరు, దుర్గాబాయి. ఆ రెండు పేర్లూ మళ్లీ చదివాను.

రావల్కోల్ నుంచి వచ్చిన చుట్టాలకు అలవాటు కొద్దీ దొర ఫోటో అంచున నా చెయ్యి చూపించబోయాను. వాళ్ల పిల్ల పక్క ఫోటో చూసి, "గీమె నువ్వే గదా?" అంది. చూపించే పనే లేకుండా పోయింది.

ఒక్కటే రంది. చట్రం బరువుగా ఉంది. గోడ పాతది, మేకు కొత్తది. సత్యానందం మేకు కొట్టడం నేను చూశాను, రెండు దెబ్బలే కొట్టాడు.

ఆయన ప్రార్థన ఇవాళ కూడా పెద్దదే. మొదటినుంచి ఆఖరిదాకా కండ్లు మూసుకొనే ఉన్నాను. మేకు కదల్లేదు.